పేరు చెరిపితే విలువ పోతుందా?
గ్లోబల్ వేరియబుల్స్ చరిత్రలో ఒక అధ్యాయం



కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక విలువను దాచుకోవడం ఎలాగో మనం మొదటి వారంలోనే నేర్చుకుంటాం. దాచుకున్నదాన్ని తీసివేయడం ఎలాగో మాత్రం ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. నల్లబల్ల మీద రాసినది డస్టరుతో తుడిస్తే పోతుంది కదా, ఇదీ అంతే అనుకుంటాం. కాని ప్రోగ్రామింగ్ భాషల్లో 'తుడిచివేయడం' అంత తేలికైన మాట కాదు. ఒకే ఆజ్ఞకు ఒక భాషలో ఒక అర్థం, ఇంకో భాషలో ఇంకో అర్థం ఉంటుంది. ఆ తేడా తెలియకపోవడం వల్ల, ఆ ఆజ్ఞ లోపల దాగిన ఒక చిన్న పొరపాటు వల్ల, 2000 తరువాతి సంవత్సరాల్లో ఎన్నో వెబ్‌సైట్ల భద్రతకు ముప్పు ఏర్పడింది. పీహెచ్‌పీ అనే స్క్రిప్టింగ్ భాషను ఉదాహరణగా తీసుకుని ఆ చరిత్రను ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక ప్రశ్న. పీహెచ్‌పీ భాషలో ఈ కింది ప్రోగ్రాము రాశామనుకోండి.

1. ప్రోగ్రాము పైభాగంలో 'మొత్తం' అనే వేరియబుల్‌లో 500 అనే విలువ ఉంచాం.
2. దాని కింద 'శుభ్రం' అనే ఫంక్షన్ రాశాం. అందులో రెండే వాక్యాలు. మొదటి వాక్యం 'మొత్తం' గ్లోబల్ అని ప్రకటిస్తుంది. రెండో వాక్యం 'అన్‌సెట్' అనే ఆజ్ఞతో 'మొత్తం'ను తీసివేస్తుంది.
3. 'శుభ్రం' ఫంక్షన్‌ను ఒకసారి పిలిచాం.
4. పిలుపు పూర్తయ్యాక 'మొత్తం' విలువను తెర మీద చూపమన్నాం.

తెర మీద ఏమి కనిపిస్తుంది? తరగతిలో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది "ఏమీ కనిపించదు" అంటారు. కొందరు "దోషం ఉన్నట్లు సందేశం వస్తుంది" అంటారు. నిజానికి కనిపించేది 500. తీసివేసిన విలువ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది! ఇది యంత్రం చేసిన తప్పు కాదు. ఆ భాష నియమమే అది. ఎందుకలా ఉందో చూద్దాం.

పలుపుతాడు, గేదె

వేరియబుల్‌ను పెట్టెతో పోల్చి చెప్పడం మన పుస్తకాల్లో అలవాటు. పెట్టె మీద పేరు, పెట్టెలో విలువ. మొదటి పాఠానికి ఈ పోలిక చాలు. కాని ఇవాళ మనకు అది సరిపోదు. దీనికి బదులు గేదెను, దాని పలుపుతాడును ఊహించుకోండి. గేదె విలువ. పలుపు ఆ విలువకు మనం పెట్టుకున్న పేరు. పలుపు కొసను కట్టే గుంజ ఆ పేరు చెల్లుబాటయ్యే చోటు. ఈ చోటును ప్రోగ్రామింగ్‌లో స్కోప్, అంటే పరిధి, అంటారు.

ప్రధాన ప్రోగ్రాము పెద్ద దొడ్డి. ప్రతి ఫంక్షన్ ఆ దొడ్డి పక్కన వేసిన చిన్న పాక. దొడ్డిలోని గుంజకు కట్టిన గేదె పాకలోని వారికి దానంతట అది అందదు. పాకలో నిలబడి "మొత్తం గ్లోబల్" అని ప్రకటించినప్పుడు ఏం జరుగుతుంది? గేదె పాకలోకి రాదు. దొడ్డిలో ఉన్న అదే గేదెకు మరో పలుపు కట్టి, దాని కొసను పాకలోని గుంజకు ముడి వేస్తారు. ఇప్పుడు ఒకే గేదెకు రెండు పలుపులున్నాయి. పాకలో నిలబడి "అన్‌సెట్" అంటే పాకలోని ముడి మాత్రమే విడిపోతుంది. దొడ్డిలోని ముడి అలాగే ఉంటుంది. అందుకే ఫంక్షన్ ముగిసి దొడ్డిలోకి రాగానే 500 మళ్ళీ కనిపించింది.

ఒక గేదెకు ఎన్ని పలుపులున్నాయో పీహెచ్‌పీ లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ లెక్క సున్నాకు వచ్చినప్పుడు విలువకు కేటాయించిన జ్ఞాపకశక్తిని విడిచిపెడుతుంది. అంటే అన్‌సెట్ విలువను నాశనం చేసే ఆజ్ఞ కాదు, ఒక పేరును విప్పే ఆజ్ఞ. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటే తక్కినదంతా తేలికగా బోధపడుతుంది.

మరి ఫంక్షన్ లోపలి నుంచి నిజంగానే తీసివేయాలంటే? రెండు దారులున్నాయి. పీహెచ్‌పీలో 'గ్లోబల్స్' అనే ప్రత్యేక పట్టిక ఉంది. దొడ్డిలోని పేర్లన్నీ అందులో ఉంటాయి, అది ఏ ఫంక్షన్ నుంచైనా అందుతుంది. ఆ పట్టికలోని 'మొత్తం' అనే గడిని అన్‌సెట్ చేస్తే దొడ్డిలోని ముడి విడిపోతుంది. రెండో దారి, పేరును విప్పకుండా దానికి 'నల్' అనే శూన్య విలువను ఇవ్వడం. అప్పుడు రెండు పలుపులూ అలాగే ఉంటాయి, వాటి చివర ఉన్నది మారిపోతుంది. దొడ్డిలో నిలబడి చూసినా శూన్యమే కనిపిస్తుంది. మొదటి పద్ధతిలో పేరే పోతుంది. రెండో పద్ధతిలో పేరు ఉంటుంది, విలువ పోతుంది. ఈ తేడా మున్ముందు మనకు చాలా అవసరమవుతుంది.

అందరిదీ అయిన విలువ

గ్లోబల్ వేరియబుల్ అనే ఆలోచన వెబ్ కంటే ఎంతో పాతది. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్ భాషకు 1958లో రెండో రూపం వచ్చింది. అందులో 'కామన్' అనే ప్రకటన చేరింది. ప్రోగ్రాములోని వేర్వేరు భాగాలు జ్ఞాపకశక్తిలోని ఒకే స్థలాన్ని పంచుకోవడానికి అది వీలు కల్పించింది. యంత్రాల జ్ఞాపకశక్తి చాలా తక్కువగా ఉన్న ఆ రోజుల్లో పంచుకోవడం అవసరం కూడా.

1960లో వచ్చిన ఆల్గాల్ భాష వేరే దారి చూపింది. ప్రోగ్రామును బ్లాకులుగా విభజించి, ఒక బ్లాకులో ప్రకటించిన పేరు ఆ బ్లాకులోనే చెల్లుతుందన్నది దాని నియమం. బయటివారికి లోపలి పేర్లు కనిపించవు.

అందరూ పంచుకునే విలువకు ఒక చిక్కు ఉంది. ఊరి ఉమ్మడి చెరువులాగా దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా పాడుచేయవచ్చు. పాడైనప్పుడు ఎవరు చేశారో తేల్చడం కష్టం. ప్రోగ్రాములు వేల వరుసలకు పెరిగిన కొద్దీ ఈ చిక్కు పెద్దదైంది. 1973లో విలియం వుల్ఫ్, మేరీ షా అనే శాస్త్రవేత్తలు గ్లోబల్ వేరియబుల్స్ హానికరమని వాదిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటి నుంచి ప్రోగ్రామింగ్ బోధించేవారు "గ్లోబల్స్‌ను వీలైనంత తక్కువ వాడండి" అని చెబుతూనే ఉన్నారు. అయినా అవి పోలేదు, ఎందుకంటే వాటిలో సౌకర్యం ఉంది. మన కథ అంతా ఈ సౌకర్యానికీ, ప్రమాదానికీ మధ్య జరిగిన పెనుగులాటే.

సొంత పేజీ కోసం పుట్టిన భాష

1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామర్ తన సొంత వెబ్ పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. వాటికి 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్' అని పేరు పెట్టాడు. పీహెచ్‌పీ అన్న పొట్టిపేరు అక్కడి నుంచి వచ్చిందే. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఉచితంగా అందించాడు. ఇజ్రాయెల్‌లో చదువుకుంటున్న ఆండీ గుట్మన్స్, జీవ్ సురాస్కీ దాన్ని కొత్తగా తిరిగి రాశారు. 1998 జూన్‌లో పీహెచ్‌పీ 3, 2000 మే నెలలో పీహెచ్‌పీ 4, 2004 జులైలో పీహెచ్‌పీ 5 వచ్చాయి.

నేర్చుకోవడం తేలిక, ధర లేదు, చవక సర్వర్ల మీదా నడుస్తుంది. అందువల్ల ప్రపంచమంతా వ్యాపించింది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా మీడియావికీ అనే ప్రోగ్రాము మీదనే నడుస్తోంది. మీడియావికీ పీహెచ్‌పీలో రాసినదే. ఇంకో విశేషం, ఈ భాషలో వేరియబుల్ పేర్లను తెలుగు లిపిలో రాసుకోవడానికి కూడా అడ్డంకి లేదు.

గ్లోబల్స్ విషయంలో పీహెచ్‌పీ మొదట్లో రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి చాలా జాగ్రత్తైనది. సి భాషలో గ్లోబల్ వేరియబుల్ ప్రతి ఫంక్షన్‌కూ దానంతట అదే కనిపిస్తుంది. పీహెచ్‌పీలో అలా కనిపించదు, "ఇది గ్లోబల్" అని విడిగా ప్రకటించాలి. పొరపాటున ఒక ఫంక్షన్ బయటి విలువను మార్చకుండా ఇది కాపాడుతుంది. అన్‌సెట్ పాకలోని ముడిని మాత్రమే విప్పడం కూడా ఈ జాగ్రత్తకు తగినట్లే ఉంది. ఒక ఫంక్షన్ తన పని తాను ముగించుకుంటుంది, ఇతరుల పేర్లను తీసివేయదు.

రెండో నిర్ణయం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. వెబ్ పేజీలోని ఫారంలో చదువరి నింపిన ప్రతి గడీ దానంతట అదే ప్రోగ్రాములో గ్లోబల్ వేరియబుల్‌గా ప్రత్యక్షమవుతుంది. దాని సంగతి తరువాత చూద్దాం. ముందు ఇతర భాషలను ఒకసారి పరిశీలిద్దాం.

ఒకే మాట, అనేక అర్థాలు

పీహెచ్‌పీ నియమం ఒక్కటే సహజమైనదని అనుకోకండి. ఇదే పనికి ఇతర స్క్రిప్టింగ్ భాషలు వేరే అర్థాలు ఎంచుకున్నాయి.

టీసీఎల్ భాషను 1988లో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించాడు. అక్కడ ఫంక్షన్ లోపల గ్లోబల్ అని ప్రకటించి అన్‌సెట్ చేస్తే, అసలు గ్లోబల్ వేరియబులే పోతుంది. మాట అదే, ఫలితం తలకిందులు!

పైథాన్ 1991లో గైడో వాన్ రోసమ్ చేతుల మీదుగా లోకానికి వచ్చింది. అందులో ఫంక్షన్ లోపల గ్లోబల్ అని ప్రకటించి 'డెల్' ఆజ్ఞ ఇస్తే గ్లోబల్ పేరు తొలగిపోతుంది. తరువాత ఆ పేరు వాడితే అలాంటి పేరు లేదని దోష సందేశం వస్తుంది. అయితే అదే విలువకు మరో పేరు కూడా ఉంటే ఆ పేరు ద్వారా విలువ ఇంకా అందుతుంది.

జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ తయారుచేశాడు. 'వార్' అని ప్రకటించిన గ్లోబల్‌ను 'డిలీట్' ఆజ్ఞతో తీసివేయడం కుదరదు. ప్రకటన లేకుండా నేరుగా విలువ ఇచ్చిన గ్లోబల్‌ను మాత్రం తీసివేయవచ్చు. ఈ తికమక ఎక్కువ కావడంతో 2009లో వచ్చిన ప్రమాణంలో 'స్ట్రిక్ట్' పద్ధతి ప్రవేశపెట్టారు. అందులో ఉత్త పేరును డిలీట్ చేయమనడమే వాక్యదోషం.

బ్యాష్ అనేది యూనిక్స్ యంత్రాల్లో ఆజ్ఞలు ఇచ్చే భాష. 1989 నాటిది. ఇక్కడ ఉల్లిపాయను గుర్తుచేసుకోండి. ఒక ఫంక్షన్ తన సొంత వేరియబుల్‌తో అదే పేరున్న గ్లోబల్‌ను కప్పివేసి, మరో ఫంక్షన్‌ను పిలిచిందనుకోండి. ఆ రెండో ఫంక్షన్ ఆ పేరును అన్‌సెట్ చేస్తే పై పొర పోతుంది. ఖాళీ రాదు, కింద దాగి ఉన్న పాత విలువ బయటపడుతుంది. ఈ ప్రవర్తనను మార్చుకునే సదుపాయం 2019లో వచ్చిన 5.0 రూపంలో చేరింది.

గమనించారా? నాలుగు భాషలు, నాలుగు ప్రవర్తనలు. ఏదీ తప్పు కాదు. ప్రతి భాషా "తీసివేయడం అంటే దేన్ని తీసివేయడం?" అనే ప్రశ్నకు తనదైన సమాధానం ఇచ్చింది. ఒక భాష నుంచి ఇంకో భాషకు మారే విద్యార్థి పాత సమాధానాన్ని వెంట తీసుకువెళ్ళినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

తెరిచి ఉంచిన తలుపు

ఇప్పుడు పీహెచ్‌పీ తీసుకున్న రెండో నిర్ణయానికి వద్దాం. బయటి నుంచి వచ్చిన ప్రతి గడిని గ్లోబల్ వేరియబుల్‌గా మార్చే ఈ ఏర్పాటు పేరు 'రిజిస్టర్ గ్లోబల్స్'. ఫారంలో 'వయసు' అనే గడి ఉంటే, ప్రోగ్రాములో 'వయసు' అనే వేరియబుల్ సిద్ధంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే సౌకర్యం ఏముంది?

ప్రమాదం ఎక్కడుందో చూడండి. ఒక కళాశాల ఫలితాల పేజీ ఉందనుకుందాం. సంకేతపదం సరిపోతే 'అనుమతి' అనే వేరియబుల్‌లో 1 ఉంచమని ప్రోగ్రామర్ రాశాడు. కొన్ని వరుసల తరువాత, 'అనుమతి' 1 అయితే మార్కులు దిద్దే పేజీని తెరవమని రాశాడు. సంకేతపదం తెలియని ఒక ఆకతాయి ఆ పేజీ చిరునామా చివర 'అనుమతి సమానం 1' అని చేర్చి పంపాడు. పీహెచ్‌పీ వెంటనే 'అనుమతి' అనే గ్లోబల్‌ను సృష్టించి అందులో 1 ఉంచుతుంది. సంకేతపదం సరిపోలేదు, అయినా తలుపు తెరుచుకుంది!

దీనికి విరుగుడు చాలా చిన్నది. ప్రోగ్రాము మొదట్లోనే "అనుమతి సమానం 0" అని ఒక్క వరుస రాస్తే చాలు. బయటి నుంచి ఏమి వచ్చినా దాని మీద సున్నా పడుతుంది. కాని వేల వరుసల ప్రోగ్రాముల్లో ప్రతి వేరియబుల్‌కూ ఆ ఒక్క వరుస రాయడం చాలామంది మరచిపోయారు.

2001 డిసెంబరులో వచ్చిన 4.1 రూపంలో, బయటి విలువలను వేరుగా ఉంచే ప్రత్యేక పట్టికలు చేరాయి. 2002 ఏప్రిల్‌లో వచ్చిన 4.2 నుంచి రిజిస్టర్ గ్లోబల్స్ ముందుగానే ఆపివేసి ఉంచారు. అయినా పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని అనేక సర్వర్లలో దాన్ని తిరిగి తెరిచారు. ఒకే సర్వరును వందలమంది పంచుకునే చోట, దాన్ని మూసే అధికారం వెబ్‌సైటు యజమానికి చాలాసార్లు ఉండేది కాదు.

అప్పుడు ప్రోగ్రామర్లు ఒక ఉపాయం పన్నారు. ప్రోగ్రాము మొదలు కాగానే, బయటి నుంచి వచ్చిన పేర్లన్నింటినీ ఒక్కొక్కటిగా చదివి, గ్లోబల్స్ పట్టికలోంచి వాటిని అన్‌సెట్ చేయడం. తలుపు మూయడం మన చేతిలో లేదు కాబట్టి, లోపలికి వచ్చినవాటిని ఊడ్చివేయడమన్నమాట. ఎన్నో పేరున్న ప్యాకేజీలు ఈ ఉపాయాన్ని అనుసరించాయి. వాటి భద్రత అంతా ఇప్పుడు ఒక్క ఆజ్ఞ మీద ఆధారపడింది. అన్‌సెట్ చేస్తే పోతుందన్న నమ్మకం మీద!

చీపురుకు దొరకని చెత్త

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ 2005లో తగిలింది. ఫైలు పంపే ఫారంలో ఒక గడికి 'గ్లోబల్స్' అనే పేరే పెట్టి పంపితే, పీహెచ్‌పీలోని గ్లోబల్స్ పట్టిక మీదనే అది వచ్చి పడుతుందని తేలింది. చీపురునే దొంగ ఎత్తుకుపోయినట్లయింది. 2005 అక్టోబరులో విడుదలైన 4.4.1 రూపంలో దీన్ని సరిదిద్దారు.

రెండో దెబ్బ మరింత సూక్ష్మమైనది. 2006లో స్టెఫాన్ ఎస్సర్ అనే భద్రతా నిపుణుడు బయటపెట్టాడు. కొన్ని పరిస్థితుల్లో అన్‌సెట్ ఒక వేరియబుల్‌ను తీసివేయబోయి వేరొకదాన్ని తీసివేస్తోంది! ప్రోగ్రామర్ రాసిన వాక్యంలో తప్పు లేదు. తప్పు భాష గుండెకాయలోనే ఉంది. అదెలాగో అర్థం చేసుకుందాం.

పేర్ల పట్టికను పీహెచ్‌పీ 'హాష్' పద్ధతిలో ఉంచుతుంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే గళ్ళ బీరువాను ఊహించుకోండి. ఏ ఉత్తరం ఏ గడిలో పడాలో పిన్‌కోడ్ సంఖ్య చెబుతుంది. అలాగే ప్రతి పేరు నుంచీ ఒక సంఖ్యను లెక్కగట్టి, దాన్నిబట్టి గడిని నిర్ణయిస్తారు. పీహెచ్‌పీ 5లో వాడిన లెక్క డేనియల్ బెర్న్‌స్టీన్ పేరుతో ప్రసిద్ధమైనది. 5381తో మొదలుపెట్టాలి. ప్రతి అక్షరానికీ, చేతిలో ఉన్న సంఖ్యను 33తో గుణించి ఆ అక్షరం కోడ్‌ను కలపాలి. ఇంగ్లీషు చిన్న 'ఎ' అక్షరం కోడ్ 97. పేరు దానితో మొదలైతే, 5381ని 33తో గుణిస్తే 1,77,573; దానికి 97 కలిపితే 1,77,670. తరువాతి అక్షరానికి మళ్ళీ ఇదే వరుస. ఈ లెక్క రహస్యం కాదు, కాగితం మీద ఎవరైనా చేయవచ్చు.

ఇదే పట్టికలో మరో రకం తాళపుచెవులు కూడా ఉండవచ్చు. అవి పేర్లు కావు, ఉత్త అంకెలు. అంకెకు లెక్క అక్కరలేదు, ఆ అంకే దాని హాష్ సంఖ్య. ఇక కిటుకు మీకే తడుతుంది. 'అనుమతి' అనే పేరుకు వచ్చే హాష్ సంఖ్య ఎంతో లెక్కగట్టి, ఆ సంఖ్యనే పేరుగా పెట్టి మరో విలువను కూడా పంపితే? రెండూ ఒకే గడిలో పడతాయి.

తీసివేసే సమయంలో పీహెచ్‌పీ గడిలోని చీటీలను వరుసగా చూస్తూ రెండు ప్రశ్నలు అడిగేది. "దీని సంఖ్య నేను వెతుకుతున్న సంఖ్యేనా?" అవును. "ఇది అంకె రకం చీటీయా? అయితే పేరు పోల్చి చూడనక్కరలేదు, ఇదే." అడగవలసిన మూడో ప్రశ్న అడగలేదు. "ఇంతకూ నేను వెతుకుతున్నది అంకెనా, పేరునా?" వరుసలో అంకె చీటీ ముందు తగిలితే దాన్ని తీసివేసి, పని అయిపోయిందని వెనుదిరిగేది. 'అనుమతి' మాత్రం గడిలో భద్రంగా మిగిలేది. ఆకతాయి పంపిన అంకె, అసలు దొంగకు బదులుగా పట్టుబడ్డ ఎర అన్నమాట.

2006 మే నెలలో వచ్చిన 5.1.3లోను, ఆగస్టులో వచ్చిన 4.4.3లోను దీన్ని సరిచేశారు. అంతర్జాతీయ లోపాల జాబితాలో దీని సంఖ్య సీవీఈ-2006-3017. సరిదిద్దడానికి కావలసినది ఆ మూడో ప్రశ్న మాత్రమే!

ఇక్కడ ఒక విషయం బాగా ఆలోచించండి. ఈ లోపం ఉన్న రోజుల్లో కూడా, 'అనుమతి సమానం 0' అని మొదట్లోనే రాసుకున్న ప్రోగ్రామర్‌కు ఏ హానీ జరగలేదు. ఎందుకంటే విలువ ఇచ్చేటప్పుడు పీహెచ్‌పీ పేరును సరిగానే పోల్చి చూసేది. లోపం తీసివేయడంలోనే ఉంది. చెరపడాన్ని నమ్ముకున్నవారు దెబ్బతిన్నారు. రాయడాన్ని నమ్ముకున్నవారు నిలిచారు.

మెల్లగా మూసిన తలుపు

ఒక సౌకర్యాన్ని ఇవ్వడం కంటే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ తేదీలు చెబుతాయి. 2002లో రిజిస్టర్ గ్లోబల్స్‌ను ముందుగానే ఆపి ఉంచారు. 2009 జూన్‌లో వచ్చిన 5.3లో దాన్ని వాడవద్దని హెచ్చరించారు. 2012 మార్చిలో వచ్చిన 5.4లో పూర్తిగా తొలగించారు. అంటే ప్రమాదమని గుర్తించి ఆపిన తరువాత, తొలగించడానికి మరో పదేళ్ళు పట్టింది. ఈలోగా రాసిన ప్రోగ్రాములు, నేర్చుకున్న అలవాట్లు, అచ్చయిన పుస్తకాలు అన్నీ మారవలసి వచ్చింది.

2021 నవంబరులో వచ్చిన 8.1 రూపంలో గ్లోబల్స్ పట్టికకు మరికొన్ని హద్దులు పెట్టారు. పట్టిక మొత్తాన్ని ఒక్కసారిగా మార్చడం, అన్‌సెట్ చేయడం ఇప్పుడు కుదరదు, అలా రాస్తే ప్రోగ్రాము మొదలే కాదు. అందులోని ఒక్కొక్క గడిని మాత్రం మార్చవచ్చు, తీసివేయవచ్చు.

మరి మనం మొదట చూసిన 'శుభ్రం' ఫంక్షన్ సంగతి? అది మారలేదు. నేటి పీహెచ్‌పీ 8లో కూడా జవాబు 500. అది లోపం కాదు కాబట్టి మార్చలేదు. పేరు వేరు, విలువ వేరు అన్న నియమం అలాగే నిలిచి ఉంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఈ చరిత్ర ఒక భాషను తప్పుపట్టడానికి చెప్పలేదు. మీరు రేపు ఏ భాష నేర్చుకున్నా ఉపయోగపడే మూడు అలవాట్లు ఇందులో ఉన్నాయి.

మొదటిది, "తీసివేయి" అని రాసే ముందు దేన్ని తీసివేస్తున్నారో ప్రశ్నించుకోండి. పేరునా, విలువనా? ఈ చోటి పేరునా, అన్ని చోట్ల పేర్లనా?

రెండవది, విలువ పోయిందని ఊహించవద్దు, పరీక్షించండి. మన 'శుభ్రం' ప్రోగ్రామును యంత్రం మీద నడిపి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. విజ్ఞానశాస్త్రంలో ప్రయోగం ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. బయటి నుంచి ఏమి వచ్చి ఉంటుందో తెలియని చోట, దాన్ని చెరిపేశామన్న ధైర్యంతో ముందుకు సాగవద్దు. మీకు తెలిసిన విలువను ముందే రాసి పెట్టుకోండి. ప్రతి వేరియబుల్‌కూ మొదటి విలువ మీ చేతి మీదుగానే రావాలి. పొలంలో ఏవో గింజలు రాలి ఉన్నాయన్న అనుమానంతో కలుపు తీస్తూ కూర్చోవడం ఒక పద్ధతి. మనకు కావలసిన నారు మనమే నాటుకోవడం ఇంకో పద్ధతి. మంచి రైతు రెండూ చేస్తాడు, కాని పంటకు నాటడాన్నే నమ్ముకుంటాడు.

ఆలోచించండి, చేసి చూడండి

1. 'శుభ్రం' ఫంక్షన్‌లో అన్‌సెట్‌కు బదులు 'మొత్తం'కు నల్ విలువ ఇస్తే తెర మీద ఏమి కనిపిస్తుంది? కారణం పలుపుల భాషలో చెప్పండి.
2. అదే ప్రోగ్రామును పైథాన్‌లో రాసి ఫలితాన్ని పోల్చండి. మీకు ఏ నియమం ఎక్కువ క్షేమకరంగా అనిపించింది? ఎందుకు?
3. 5381తో మొదలుపెట్టి, 33తో గుణించే లెక్కను మూడక్షరాల ఇంగ్లీషు పేరుకు కాగితం మీద చేసి చూడండి. వచ్చిన సంఖ్య ఎవరికైనా తెలిసిపోవడం వల్ల కలిగే ఇబ్బంది ఏమిటి?
4. 2006 నాటి లోపం 'అనుమతి సమానం 0' అని ముందే రాసిన ప్రోగ్రామును ఎందుకు ఏమీ చేయలేకపోయింది? మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.